పన్నెండుతో భాగించిన జీతం

నేను గుడివాడ దగ్గరి ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. జవాబు వచ్చింది కదా అని సంబరపడకండి, ప్రశ్నలో ఏమిచ్చారో మళ్ళీ చదవండి అని ఇరవైమూడేళ్ళుగా ఏడో తరగతి పిల్లల మీద అరిచి గొంతు పాడుచేసుకున్నదాన్ని. అలాంటి నేను నా కూతురి జీతం విషయంలో ప్రశ్న పూర్తిగా చదవకుండానే జవాబు రాశాను. రాసి ఊరుకున్నా బాగుండేది. తీసుకెళ్ళి మా అత్తవారి ఊరి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

అమ్మాయి ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉండగా కాలేజీలోనే ఉద్యోగం వచ్చింది, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ డెవలపరుగా. కాలేజీవాళ్ళు పామర్రు రోడ్డులో ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. వరసగా పిల్లల మొహాలు, ఒక్కో మొహం కింద ఒక్కో అంకె. మా పిల్ల మొహం కింద పన్నెండు లక్షలని ఉంది. స్కూలునుంచి వస్తూ బస్సు దిగి, ఎండలో నిలబడి, ఫోటో తీసుకుని ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం అది ఆఫర్ లెటరు పంపింది. పదకొండు పేజీలు. మొదటి పేజీ చదివాను. అక్కడ కూడా పన్నెండు లక్షలే ఉంది. ఇంకేం చదవాలి?

నా గొప్ప కోసమే చేశానని ఒప్పుకుంటాను కానీ, ఆ గొప్ప ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. మా అత్తవారిది నాగాయలంక దగ్గరి ఊరు. ఒక తరం కిందటిదాకా మావాళ్ళందరూ ఇంకొకళ్ళ పొలాల్లో నాట్లు వేసి, కుప్పలు నూర్చినవాళ్ళే. ఈ దివిసీమలో మనిషి విలువ అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది, మీకెన్ని ఎకరాలండీ అని. ఆ ప్రశ్నకి మా దగ్గర ఎప్పుడూ అంకె లేదు. చదువుకుని టీచర్లయినా, నర్సులయినా, మా ఆయనలాగా బస్సు కండక్టర్లయినా, అవి ఉద్యోగాలే గానీ అంకెలు కావు. ఎంతొస్తుందని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ప్యాకేజీ అనే మాట వచ్చాక మాకూ పదిమందిలో చెప్పుకోడానికి ఒక అంకె దొరికింది. ఎకరాలవాళ్ళు కూడా తలతిప్పి చూసే అంకె. దాన్ని దాచుకోమంటే ఎవరి వల్లవుతుంది?

గ్రూపులో ఫోటో పెట్టిన పావుగంటకి మా పెద్దాడపడుచు ఫోన్ చేసింది. ఆవిడ ఊళ్ళోనే ఉంటుంది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద, కానుకల పుస్తకం రాసేది కూడా ఆవిడే.

"ఏం మరదలా, చూశాను. పన్నెండు లక్షలంటే నెలకెంతన్నమాట?"

"మీరే చెప్పండి వదినా. ఏడాదికి పన్నెండు నెలలు."

"అయితే లక్ష. మన చర్చికి లక్ష రూపాయల మొదటి జీతం ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు."

"ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదండీ."

ఈ ఆఖరి మాట నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

మా ఊరి చర్చిలో ఒక పద్ధతి ఉంది. పిల్లలకి ఎక్కడ ఉద్యోగం వచ్చినా మొదటి జీతం సొంత ఊరి చర్చికి ఇవ్వాలి. పదోవంతు కాదు, మొత్తం, చిల్లరతో సహా. నా మొదటి జీతం మా పుట్టింటి చర్చికి ఇచ్చేటప్పుడు, కవరులో నోట్లు పెట్టి, పైన ఆరు రూపాయల చిల్లర కూడా లెక్కపెట్టి వేయించారు మా నాన్నగారు. ఇక్కడా అంతే. ఆ తరవాత నెలనెలా పదోవంతు పంపాలి. దాన్ని దశమభాగం అంటాం. ప్రతినెలా మొదటి ఆదివారం ఎవరెంత పంపారో పేరుతో సహా చదువుతారు. నా దశమభాగం కూడా పెళ్ళయిన నాటినుంచీ అక్కడికే వెళ్తుంది.

అమ్మాయిని జూన్‌లో చేర్చుకుంటామన్న కంపెనీ నవంబరుదాకా పిలవలేదు. ఈలోపల కమిటీవాళ్ళు చర్చి ముందు వరండాకి స్లాబు వేద్దామనుకున్నారు. డిసెంబరు మొదటి ఆదివారం కోతల పండుగ, అదే రోజు మా పిల్ల మొదటి జీతం. ఆ లక్ష చూసుకుని కడ్డీలు దింపించారని వదినగారు ఫోన్లో చెబితే, నేను స్టాఫ్‌రూములో అందరికీ వినపడేలా, "అలాగేనండీ, దేవుడి పని ఆగకూడదు కదా" అన్నాను.

పండుగ ముందు రోజు, శనివారం పొద్దున్న అమ్మాయి రైలు దిగింది. చిక్కింది. హాస్టలు తిండి అంది. చారన్నం తిని, బ్యాగులోంచి కవరు తీసి టేబులు మీద పెట్టింది. తీసి చూశాను. అయిదు వందల నోట్ల కట్టలు రెండు, బ్యాంకు కాగితం చుట్టి.

"ఎంతే?"

"లక్ష."

"లక్షా ఎంత?"

"లక్షంటే లక్షేనమ్మా. లక్షా ఎంతేంటి?"

అక్కడ దొరికిపోయింది. నాకు ఇరవైమూడేళ్ళలో ఒక్క నెల కూడా జీతం సున్నాలతో రాలేదు. మా ఆయనకీ రాలేదు. పీఎఫ్ అని, ఇన్సూరెన్సు అని, వృత్తిపన్ను అని ఏదో ఒకటి కోసుకుని, చివర్న ఏ ఏడో ఎనిమిదో అంటించి పంపుతారు. ప్రపంచంలో ఏ జీతమూ ఇంత గుండ్రంగా ఉండదు.

"పేస్లిప్పు చూపించు."

"ఆఫీసు లాప్‌టాప్‌లో ఉంది."

"బ్యాంకు మెసేజ్ ఫోన్లో ఉంటుందిగా."

"నేను నీ స్టూడెంటుని కాదమ్మా."

"నా స్టూడెంట్లయితే ఈపాటికి నిజం చెప్పేసేవాళ్ళు."

అది ఫోన్ తీసి మెసేజ్ పైకి జరిపి నా ముందు పెట్టింది. యాభైఏడు వేల మూడు వందల నలభై.

కంపెనీ మోసం చేసిందనుకున్నాను. ఆ మాటే అన్నాను, గట్టిగానే అన్నాను. అది నిదానంగా, నేను మొద్దు పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. పన్నెండులో లక్షన్నర జాయినింగ్ బోనస్, ఏడాది నిండితే గానీ ఇవ్వరు. ఇంకో లక్షన్నర రెండేళ్ళు మానకుండా ఉంటే ఇస్తారు. లక్షకి పైగా పని చూసి ఇచ్చేది, ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. కంపెనీ కట్టే పీఎఫ్, అయిదేళ్ళు పనిచేస్తే వచ్చే గ్రాట్యుటీ, ఇన్సూరెన్సు ప్రీమియం, ఇవన్నీ కూడా ఆ పన్నెండులోనే. పోగా మిగిలినదాన్ని పన్నెండుతో భాగిస్తే అది చేతికొచ్చే జీతం.

"మరి నాకు ముందే చెప్పొచ్చు కదే."

"లెటరు పంపాను. ఆరో పేజీలో ఉంది."

"పేజీల సంగతి కాదు. నోటితో."

"ఎప్పుడు చెప్పాలి? నువ్వు గ్రూపులో పెట్టాకా? అత్తయ్య లక్ష రాసుకున్నాకా? కడ్డీలు దిగాకా?"

"మిగతా డబ్బు ఎక్కడిది?"

"లోన్ యాప్‌లో అప్పు తీసుకున్నాను. అరవై వేలు. జీతంలో తక్కువపడింది కవరులో కలిపి, మిగిలింది ఈ నెల ఖర్చుకి ఉంచుకున్నాను."

వడ్డీ ఎంతో చెప్పింది. నేను రాయను. లెక్కల టీచరు కడుపున పుట్టిన పిల్ల ఆ వడ్డీకి తీసుకుందంటే నాకే సిగ్గు.

నేను వెంటనే పరిష్కారం చెప్పాను. నాకు పరిష్కారాలు తొందరగా వస్తాయి. తక్కువపడింది నా ఖాతాలోంచి ఇస్తాను, నువ్వు యాప్‌వాళ్ళకి కట్టేసెయ్, రేపు లక్ష అలాగే ఇచ్చేద్దాం, ఎవరికీ తెలియక్కర్లేదు అన్నాను.

"వచ్చే నెల దశమభాగం ఎంత చదువుతారు?" అంది.

"పదివేలు."

"నాది అయిదువేల ఏడు వందలు. మిగతాది నువ్వే కలుపుతావా?"

"కలుపుతాను."

"ఆ పై నెల? ఏడాదంతా? రెండేళ్ళూ?"

"కలుపుతానే. నీకేంటి నష్టం?"

అప్పుడది అన్న మాట నాకు ఇప్పటికీ అలాగే గుర్తుంది. "హాస్టలు అడ్వాన్సు కట్టడానికి లేక, చేరిన వారంలో నీకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ ఇంకేదో మాట్లాడి పెట్టేశాను. లక్ష జీతం వచ్చేది అమ్మని ఎనిమిది వేలు అడుగుతుందా? రూమ్మేటుని అడిగాను. నువ్వు ఇలాగే కలుపుతూ ఉంటే నేను ఎప్పటికీ అడగలేనమ్మా. ఎందుకంటే నాకు లక్ష వస్తుంది కదా."

ఆ రెండు ఫోన్లూ నాకూ గుర్తున్నాయి. ఒకసారి చట్నీలో ఏం వేస్తావని అడిగింది. ఇది హాస్టల్లో ఉంటూ చట్నీ ఎందుకు చేస్తుందో అని కూడా నాకు తట్టలేదు.

కవరులోంచి నలభైమూడు వేలు తీసి దాని ఖాతాలో వేయమని మా ఆయన చేతికి ఇచ్చి, కవరులో మూడు వందల నలభై చిల్లర వేశాను. ఆయన అంతా విని, "చర్చిలో ఏం చెప్తావు?" అన్నాడు. ఉన్నది చెప్తానన్నాను. "అయితే నాకు రేపు డ్యూటీ ఉంది" అన్నాడు. నిజంగానే ఉంది. అయినా నాకు అనుమానమే.

ఆదివారం తొలి బస్సుకి బయలుదేరాం. ఊళ్ళో దిగి తిన్నగా వదినగారింటికి వెళ్ళాం. ఆవిడ అరుగు మీద కూర్చుని కానుకకి తెచ్చిన కోడిపెట్ట కాళ్ళు కడుతోంది.

"వందనాలు వదినా. లక్ష కాదండీ. యాభైఏడు."

"ఎవరు కోశారు?"

"ఎవరూ కోయలేదు. అసలు లేదు."

"లేనిది ఫ్లెక్సీ మీద ఎట్టా వేశారు?"

"వేస్తారు. వాళ్ళ కాలేజీలో సీట్లు నిండాలి కదా."

"నువ్వు ఏ సీట్లు నింపుకోడానికి వేశావు గ్రూపులో?"

నాతో వాదించి గెలిచినవాళ్ళు తక్కువ. ఆవిడ పదోతరగతి కూడా చదవలేదు. అయినా గెలిచింది.

కోడిపెట్టని పక్కన పెట్టి, మేనకోడలి మొహం చూసింది. "ఏమే, తిన్నావా?" అంది. పిల్ల తలూపింది. "తినలేదు మొహం చూస్తే. లోపల ఉప్మా ఉంది, పో." తరవాత నాతో, "కడ్డీలు వెనక్కి తీసుకోరు. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చాం. సాక్ష్యాలప్పుడు నువ్వే లేచి చెప్పు. నేను చెప్తే నా తమ్ముడి పెళ్ళాన్ని నేనే బజారుకి ఈడ్చినట్టుంటుంది" అంది.

కోతల పండుగనాడు మా చర్చి చూడ్డానికి సంతలా ఉంటుంది. వరి కంకులు కట్టలుకట్టి స్తంభాలకి వేలాడదీస్తారు. ముందు చాపల మీద గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఐసు పెట్టెలో రొయ్యలు. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. పాటలయ్యాక పాస్టరుగారు, "ఈ రోజు మన బిడ్డ ఒకరు ప్రథమ ఫలం తెచ్చారు" అంటూ మావైపు చూశారు. సాక్ష్యం చెప్పడమంటే లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పడం. నేను చేసిన తప్పు చెప్పడానికి లేచాను.

"అందరికీ వందనాలండి. నేను గ్రూపులో పెట్టింది తప్పు. పన్నెండు లక్షలు ఏడాదికి ఇచ్చేది కాదు, కంపెనీ తన ఖర్చు అని రాసుకునేది. చేతికొచ్చేది యాభైఏడు వేల మూడు వందల నలభై. అది తెచ్చాం, చిల్లరతో సహా. కాగితం పూర్తిగా చదవకుండా చెప్పింది నేను. పిల్ల చెప్పలేదు."

వెనక వరసలో ఒక పెద్దాయన, ఊళ్ళో అందరికీ తాతయ్యే, "యాభైఏడు తక్కువేం కాదులే అమ్మా" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. అది విని ఇద్దరు ముగ్గురు నవ్వారు. పాస్టరుగారు దేవునికి స్తోత్రం అన్నారు గానీ, ఆయన చూపు కిటికీలోంచి కడ్డీల మీదకి వెళ్ళొచ్చింది.

కూర్చోబోతున్నాను. కానుకల పుస్తకం ముందేసుకుని కూర్చున్న వదినగారు తలెత్తకుండా అడిగింది.

"మరి నీకెంతొస్తుంది మరదలా, చేతికి?"

ఇరవైమూడేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడగలేదని పైన ఫిర్యాదుగా రాశాను కూడా. అడిగినరోజున నాకు చెమటలు పట్టాయి.

"ఎనభైమూడు వేలండీ."

ఆవిడ పేజీ తిప్పింది. "నెలనెలా నాలుగున్నర వేలు పంపుతున్నావు. నలభై అయిదు వస్తుందనుకుంటున్నాను నేను."

నిజం. నాకు నలభై అయిదు వచ్చే రోజుల్లో మొదలుపెట్టిన నాలుగున్నర అది. ఆ తరవాత రెండుసార్లు ప్రభుత్వం జీతాలు సవరించింది. నా దశమభాగాన్ని సవరించడం నేను మరిచిపోయాను. మరిచిపోయాననడం కూడా ప్యాకేజీ లెక్కలాంటిదే. ఇంటి లోను ఉందని, పిల్ల ఫీజులున్నాయని, దేవుడికి మన పరిస్థితి తెలుసు కదా అని ప్రతి ఏడూ ఆయన తరఫున నేనే ఒప్పుకుంటూ వచ్చాను.

"పిల్లకేమో పైలెక్క చెప్పావు, నీకేమో కిందలెక్క చెప్పావు" అంది వదినగారు. "వచ్చే నెలనుంచి ఎంతని రాయమంటావు?"

"ఎనిమిది వేల మూడు వందలు రాయండి."

రాసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరి పుస్తకం వాళ్ళకి గుర్తొచ్చినట్టుంది. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టి చాలాసేపు తుడిచాడు.

వేలంలో వదినగారు నన్ను వదల్లేదు. ఒక గుమ్మడికాయ మీద నేను రెండొందలంటే ఆవిడ మూడొందలంది, నేను అయిదొందలంటే ఆవిడ వెయ్యంది, అలా ఎక్కించుకుంటూ పోయి రెండు వేల దగ్గర ఆవిడ చల్లగా నోరు మూసుకుంది. కాయ నాకు మిగిలింది. స్లాబు వేసవికి వాయిదా వేశారు. కడ్డీల మీద పాత పరదా కప్పారు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే ముసలివాళ్ళు ఈసారి కూడా ఎండలోనే చెప్పులు విడవాలి.

తిరుగు బస్సులో కిటికీ పక్క అది కూర్చుంది, గుమ్మడికాయ నా ఒళ్ళో ఉంది.

"నీకు ఎనభైమూడా?" అంది.

"నీకు తెలీదా?"

"ఎప్పుడు చెప్పావు? ఏదడిగినా మనకెక్కడివే డబ్బులు అనేదానివి. నేను చిన్నప్పుడు మనం పేదవాళ్ళమనుకునేదాన్ని."

"అనుకోవాలనే చెప్పాను. లేకపోతే చదివేదానివి కాదు."

"అయితే నాకంటే నీకే ఎక్కువ."

"ఇరవైమూడేళ్ళ మీద ఎక్కువ. నీకు అప్పటికి ఎంతొస్తుందో."

"అసలు ఉద్యోగమే ఉంటుందో లేదోనమ్మా. మా బ్యాచ్‌లో ఇద్దరిని అప్పుడే పంపించేశారు." మామూలుగా చెప్పింది, వాన పడేలా ఉంది అన్నట్టు. నాకు మాత్రం, నన్ను పంపించేస్తారేమో అని ఈ ఇరవైమూడేళ్ళలో ఒక్కరోజు కూడా భయపడలేదని అప్పుడే తట్టింది. ఆ భయం లేకపోవడానికి ఏ కాలేజీ అంకె వేస్తుంది? నా మొహం ఏ ఫ్లెక్సీ మీదా పడలేదు. పడి ఉంటే నా కింద ఏం రాసేవాళ్ళో, అది పన్నెండుకి ఎక్కువో తక్కువో, నాకు తెలియదు. నేను లెక్కల మనిషినే, కానీ ఆ లెక్క నాకు రాలేదు.

అవనిగడ్డ దాటాక అది ఫోన్ చూసుకుంటూ, నావైపు తిరక్కుండా అంది. "నిన్న వేసింది యాప్‌కి కట్టేశాను. ఇంకా వడ్డీతో కలిపి పందొమ్మిది వేలు దాకా ఉంది. నువ్విస్తావా? నెలకి రెండు వేల చొప్పున తీర్చేస్తాను."

ఇస్తానన్నాను. ఆ వెంటనే తిట్టడం మొదలుపెట్టాను. ఆ యాప్ నా కళ్ళముందే ఫోన్లోంచి తీసెయ్యమన్నాను. ఆధార్ నంబరు వాళ్ళకెందుకిచ్చావన్నాను. ఫోన్ చేసి చట్నీ గురించి అడిగే మొహం, ఎనిమిది వేలు అడగలేదా అన్నాను. ముందు సీటావిడ వెనక్కి తిరిగి చూసినా ఆపలేదు. కూచిపూడి వెళ్ళేదాకా తిట్టాను. అది అడ్డం చెప్పకుండా అంతా విని, నేను ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడు, "హాస్టలు ఫీజు కూడా ఈ నెల నువ్వే కట్టమ్మా" అంది.